పిస్టల్ రెడ్ డాట్ సైట్లలో పారలాక్స్: కొలిచి పోల్చుకునే పద్ధతి

మూడేళ్ల కిందట డాలస్ శివార్లలోని ఒక రేంజ్‌లో 25 గజాల దూరంలో కాల్చిన కాగితాన్ని దగ్గరికి రప్పించుకుని చూశాను. తూటాలన్నీ ఎడమవైపు దాదాపు మూడు అంగుళాలు తప్పి పడ్డాయి. కాల్చినప్పుడు నా రెడ్ డాట్ సైట్ (గాజులో ఎర్రచుక్క చూపి గురిపెట్టించే పరికరం) చుక్క మాత్రం ప్రతిసారీ నల్లటి వలయం మధ్యలోనే ఉంది. పక్క వరసలో ఉన్న పెద్దమనిషి ఆ కాగితం చూసి, "అది పారలాక్స్. ఆ సైట్ రకమే అంత" అన్నాడు. పారలాక్స్ అంటే, సైట్ కదలకపోయినా కన్ను పక్కకు జరిగితే లక్ష్యం మీద చుక్క జరిగినట్టు కనిపించడం. నేను నమ్మాను. రెట్టింపు ధర పెట్టి ఇంకో సైట్ కొన్నాను. పాతదాన్ని విప్పుతున్నప్పుడు చూస్తే, దాన్ని స్లైడ్‌కు (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగానికి) పట్టి ఉంచే రెండు స్క్రూల్లో ఒకటి వేలితో తిప్పితేనే తిరుగుతోంది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. సక్రమంగా తయారైన పిస్టల్ సైట్‌లో పారలాక్స్ వల్ల 25 గజాల దగ్గర గురి తప్పేది మహా అయితే ఒక సెంటీమీటరు. మూడు అంగుళాలంటే ఏడున్నర సెంటీమీటర్లు. కొలత తెలిసి ఉంటే ఆ మాట నమ్మేవాణ్ని కాదు, డబ్బూ పోయేది కాదు. అందుకే ఈ మార్గదర్శి రాస్తున్నాను. చట్టబద్ధంగా పిస్టల్ ఉంచుకుని రేంజ్‌లో సాధన చేసే తెలుగువాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. సైట్ కొనేముందు "దీనికి పారలాక్స్ ఎక్కువా, దానికి ఎక్కువా" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నకు మాటలతో కాకుండా మిల్లీమీటర్లతో జవాబు చెప్పుకోవచ్చు. అందుకు కావలసింది ఒక బల్ల, ఒక ఫోను, ఒక స్కేలు, ఒక మధ్యాహ్నం.

అసలు ఏం జరుగుతోంది?

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు ఈ విషయం చేతిమీదుగా తెలుసు. ఫిజిక్స్ ప్రయోగశాలలో కుంభాకార కటకం ముందు ఒక సూది, వెనక ఒక సూది నిలబెట్టి, తలను అటూ ఇటూ ఆడిస్తూ చూసేవాళ్లం. ముందు సూది ప్రతిబింబం, వెనకనున్న సూది ఒకదాన్నుంచి ఒకటి విడిపోతే పారలాక్స్ ఉన్నట్టు. రెండూ అంటుకుని కదిలితే లేనట్టు, అంటే రెండూ ఒకే దూరంలో ఉన్నట్టు. విడిపోయినప్పుడు ఏది దూరమో కూడా తెలిసేది: కంటితోపాటు అదే వైపు వెళ్లేది దూరంది, ఎదురు వైపు వెళ్లేది దగ్గరది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. మిగతా పరీక్ష అంతా దాని మీదే నడుస్తుంది.

రెడ్ డాట్ సైట్‌లో ఒక చిన్న ఎల్ఈడీ ఉంటుంది. దాని వెలుగు ముందున్న వంపు గాజు మీద పడుతుంది. ఆ గాజు పూత ఎర్ర కాంతిని మాత్రమే వెనక్కి తిప్పి, మిగతా వెలుగును లోపలికి రానిస్తుంది. ఎల్ఈడీ సరిగ్గా ఆ వంపు నాభి దగ్గర ఉంటే, వెనక్కి తిరిగిన కిరణాలు సమాంతరంగా కంటికి చేరతాయి. అప్పుడు చుక్క గాజు మీద కాకుండా అనంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఎల్ఈడీ నాభికి వెంట్రుకవాసి ఇవతలో అవతలో ఉంటే చుక్క కనిపించే దూరం మారిపోతుంది.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. డబ్లిన్‌లో దూరదర్శినులు తయారుచేసిన హోవర్డ్ గ్రబ్ 1900లోనే ఇలాంటి సైట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. హైదరాబాద్ నిజామియా వేధశాల కోసం నవాబు జఫర్ జంగ్ తెప్పించిన 15 అంగుళాల దూరదర్శిని కూడా గ్రబ్ తయారీయే. నక్షత్రాల దూరాన్ని పారలాక్స్‌తో కొలిచే ఖగోళ శాస్త్రం నుంచే ఈ సైట్ పుట్టిందని తెలిసినప్పుడు నాకు మాత్రం గొప్ప సంతోషం కలిగింది. బ్యాటరీతో వెలిగే చుక్కను 1970ల మధ్యలో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ మార్కెట్లోకి తెచ్చింది. పిస్టల్ స్లైడ్ మీద నిలవగలిగే గట్టి చిన్న సైట్లకు దారి వేసింది 2009లో వచ్చిన ట్రిజికాన్ ఆర్ఎంఆర్.

ఒక్క సూత్రం, నాలుగు లెక్కలు

చుక్క ఎంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుందో దాన్ని "చుక్క దూరం" అందాం. లక్ష్యం సరిగ్గా ఆ దూరంలో ఉంటే పారలాక్స్ సున్నా. మిగతా ఏ దూరంలోనైనా ఎంతో కొంత ఉంటుంది. అది ఎంతంటే:

చుక్క జరుగుడు = కంటి జరుగుడు × (1 − లక్ష్య దూరం ÷ చుక్క దూరం)

కంటి జరుగుడు అంటే సైట్ మధ్యరేఖ నుంచి కన్ను పక్కకు జరిగిన దూరం. చుక్క జరుగుడు అంటే లక్ష్యం మీద చుక్క కదిలిన దూరం. జవాబు ధన సంఖ్య అయితే చుక్క కంటితోపాటు అదే వైపు వెళుతుంది, రుణ సంఖ్య అయితే ఎదురు వైపు.

చుక్క దూరం అనంతం అయితే కుండలీకరణంలో 1 మాత్రమే మిగులుతుంది. అంటే కన్ను ఎంత జరిగితే చుక్క అంతే జరుగుతుంది, ఏడు గజాల దగ్గరైనా యాభై గజాల దగ్గరైనా. ఆర్ఎంఆర్ గాజు వెడల్పు సుమారు 22 మి.మీ., ఎత్తు 16 మి.మీ. కన్ను మధ్య నుంచి అంచు దాకా పోయినా పక్కకు 11 మి.మీ., పైకీ కిందికీ 8 మి.మీ. మించదు. అంతకన్నా జరిగితే చుక్కే కనిపించదు. నేను పైన చెప్పిన సెంటీమీటరు లెక్క ఇదే.

దీన్ని ఇనుప సైట్లతో పోల్చి చూడండి. గ్లాక్ 17 పిస్టల్‌లో ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం 165 మి.మీ. ముందు సైట్ వెనక గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు ఉంటే 25 గజాల దగ్గర తూటా దాదాపు 14 సెం.మీ. తప్పుతుంది. రెడ్ డాట్‌లో కన్ను పూర్తిగా అంచుకు పోయినా తప్పేది ఒక సెంటీమీటరు.

"పారలాక్స్ రహితం" అని పెట్టె మీద రాసి ఉంటుంది. అన్ని దూరాల్లోనూ సున్నా అని దాని అర్థం కాదు, కాబోదు. ఒక చుక్కకు ఒక్క దూరమే ఉంటుంది. ఆ మాటను "ఆచరణలో పట్టించుకోనక్కరలేనంత తక్కువ" అని చదువుకోవాలి. ఎంత తక్కువో మనం కొలుచుకోవాలి.

చుక్క గాజులో కదలడం వేరు, లక్ష్యం మీద కదలడం వేరు

కొత్తగా రెడ్ డాట్ పట్టుకున్నవాళ్లలో చాలామంది తికమకపడేది ఇక్కడే. పిస్టల్‌ను కొంచెం వంచగానే చుక్క గాజులో మూలకు పరిగెడుతుంది. అది పారలాక్స్ కాదు. గొట్టం దిశ మారింది కాబట్టి చుక్క దిశా మారింది, అంతే. చుక్క గాజులో ఏ మూలన ఉన్నా లక్ష్యం మీద అదే బిందువును తాకుతూ ఉంటే సైట్ తన పని సక్రమంగా చేస్తున్నట్టే. పారలాక్స్ చూడాలంటే సైట్ కదలకూడదు, కన్ను మాత్రమే కదలాలి. చేత్తో పట్టుకుని తల ఆడిస్తూ చేసే పరీక్షకు విలువ లేదు. తలతోపాటు చేయీ కదులుతుంది.

మొదటి మెట్టు: తుపాకీని పక్కన పెట్టండి

సైట్‌ను పరీక్షించడానికి పిస్టల్ అక్కరలేదు. చిన్న పికటిన్నీ రైలు (సైట్లు బిగించే గాళ్ల పట్టీ) ముక్క, దానిమీద మీ సైట్‌కు సరిపోయే అడాప్టర్ ప్లేటు ఉంటే సైట్‌ను నేరుగా బల్ల వైస్‌లో బిగించవచ్చు. ఇదే మంచిది కూడా. ఇంట్లోనో పార్కింగ్ స్థలంలోనో పిస్టల్‌ను ఒక వైపు గురిపెట్టి గంటసేపు ఉంచడం ఎవరికీ క్షేమం కాదు, చూసేవాళ్లకు భయం కూడా.

సైట్‌ను పిస్టల్ నుంచి విప్పడం ఇష్టం లేకపోతే ఈ పరీక్షను రేంజ్‌లోనే, అక్కడి అధికారి అనుమతితో చేయండి. ముందు మ్యాగజైన్ తీయాలి. స్లైడ్‌ను వెనక్కి లాగి ఆపి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే చోటును) కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి చూడాలి. తూటాలను సంచిలో పెట్టి బల్లకు దూరంగా ఉంచాలి. గొట్టం ఎప్పుడూ మట్టిగట్టు వైపే ఉండాలి. కన్ను సైట్ వెనక ఉంటుంది కాబట్టి మీరు గొట్టం ముందుకు వెళ్లవలసిన పని లేదు. చార్టు సరిచేయడానికి వెళ్లాలంటే రేంజ్ మొత్తం కాల్పులు ఆగాకే వెళ్లండి.

రెండో మెట్టు: చార్టు, బల్ల, ఫోను

తెల్లటి అట్ట మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద సెంటీమీటరుకొక నిలువు గీత పెట్టండి. ప్రతి ఐదో గీతను లావుగా గీసి అంకె వేయండి. మధ్యలో సున్నా, అటు 15, ఇటు 15 సెం.మీ. ఉంటే సరిపోతుంది. చార్టును సైట్ ఎత్తులోనే, సైట్‌కు ఎదురుగా నిలువుగా పెట్టండి. దూరాన్ని టేపుతో కొలవండి, అడుగులు లెక్కపెట్టి కాదు.

ఎంత దూరంలో పెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. గదిలో ఐదు గజాల దూరంలో గోడకు చార్టు అతికించి చేసే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. అంత దగ్గర్లో ఏ సైట్ చుక్కయినా తలతోపాటు కదులుతుంది. ఎందుకంటే ఏ మంచి సైట్ చుక్కయినా గోడకన్నా చాలా దూరంలో ఉంటుంది. కన్ను అటు అంచు నుంచి ఇటు అంచుకు 18 మి.మీ. జరిగితే, అనంతానికి అమర్చిన నిఖార్సైన సైట్‌లోనూ చుక్క గోడ మీద 18 మి.మీ. జరుగుతుంది. ఐదు గజాల దగ్గర అది 13 ఎంఓఏ (కోణం కొలత, కింద చెప్తాను) పైనే, అంటే 3 ఎంఓఏ చుక్క నాలుగు సార్లు పక్కపక్కన పట్టేంత. చూడటానికి ఘోరంగా ఉంటుంది. అదే 18 మి.మీ. 25 గజాల దగ్గర 2.7 ఎంఓఏ మాత్రమే, చుక్క వెడల్పు కన్నా తక్కువ. మంచి సైట్లకు చెడ్డపేరు వచ్చేది ఎక్కువగా ఈ గది పరీక్షల వల్లే.

ఎంఓఏ గురించి తెలియనివాళ్ల కోసం: అది డిగ్రీలో అరవయ్యో వంతు. 25 గజాల దగ్గర 6.65 మి.మీ. అవుతుంది. చాలా పిస్టల్ సైట్లలో చుక్కను సర్దే మర ఒక క్లిక్ తిరిగితే ఒక ఎంఓఏ.

కాబట్టి 10 గజాల దగ్గర ఒకసారి, 25 గజాల దగ్గర ఒకసారి చేయండి. చోటు దొరికితే 50 గజాల దగ్గర కూడా.

ఇక కన్ను. ఆరోగ్యమైన కంటికి విడివిడిగా కనిపించే హద్దు సుమారు ఒక ఎంఓఏ. 25 గజాల దగ్గర అదే 6 మి.మీ. పైన. మనం కొలవబోయే జరుగుడే ఒక సెంటీమీటరు. కాబట్టి ఉత్త కంటితో చూసి ఒక సైట్‌ను మరో సైట్ కన్నా 4 మి.మీ. మెరుగని చెప్పడం కుదరదు. ఫోను కెమెరాతో తీసి, ఫొటోను పెద్దది చేసి చదవడమే నయం.

ఫోనుతో మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, చాలా ఫోన్లకు రెండు మూడు కటకాలుంటాయి. జూమ్ చేస్తున్నప్పుడు ఫోను తనంతట తాను ఒక కటకం నుంచి ఇంకోదానికి మారుతుంది. అప్పుడు "కన్ను" ఒక్కసారిగా సెంటీమీటరు పైన జరిగిపోయినట్టే. నేను మొదటిసారి రెండు గంటలు ఈ గోతిలోనే పడ్డాను. ఒక కటకాన్ని ఎంచుకుని, మాన్యువల్ కెమెరా యాప్‌తో దాన్ని కదలకుండా కట్టిపడేయండి. రెండోది, ఫోకస్ చార్టు మీద ఉండాలి, గాజు మీద కాదు. మూడోది, చుక్క వెలుగును కనిపించే కనిష్ఠానికి తగ్గించండి. వెలుగు ఎక్కువైతే ఫొటోలో చుక్క పువ్వులా విచ్చుకుంటుంది, దాని మధ్య ఎక్కడుందో చెప్పలేం. సాయంత్రం వేళ, చార్టు మీద మాత్రం దీపం పడేలా పెట్టుకుంటే ఈ పని సులువవుతుంది.

మూడో మెట్టు: ఐదు చోట్ల నుంచి చూడటం

వైస్‌ను బరువైన బల్లకు బిగించండి. మడత బల్ల పనికిరాదు, మోచేయి ఆనిస్తే వంగుతుంది. సైట్‌కు 60 సెం.మీ. వెనక, అంటే చేయి చాపితే పిస్టల్ ఉండే దూరంలో, ఒక స్కేలును బల్ల మీద అడ్డంగా టేపుతో అతికించండి. ఫోనును చిన్న స్టాండులో నిలబెట్టి, దాని అంచు ఆ స్కేలు వెంట జారేలా అమర్చండి. ఫోను కొద్దిగా మెడ తిప్పినా ఫరవాలేదు, ఎందుకంటే మనం చదివేది చార్టు మీద చుక్క ఎక్కడుందన్నదే. ఫోను ఎంత జరిగిందన్నది మాత్రం కచ్చితంగా తెలియాలి.

ఫోనును ఒక వైపు జరుపుతూ చుక్క మాయమయ్యే చోటు గుర్తించండి. రెండో వైపూ అలాగే. రెండింటి నడిమి బిందువే మధ్య. అంచులో చుక్క సగం తెగిపోయి కనిపిస్తుంది కాబట్టి, మాయమయ్యే చోటుకు 2 మి.మీ. లోపలే కొలవండి. ఈ క్రమంలో ఫొటోలు తీయండి: మధ్య, ఎడమ, మధ్య, కుడి, మధ్య. ప్రతిసారీ మధ్యకు తిరిగి రావడం శ్రమే, కానీ మానకండి. మధ్య నుంచి తీసిన ఫొటోల్లో చుక్క ఒకే చోట లేకపోతే సైటో వైసో కదిలిందని అర్థం. అప్పుడు ఆ కొలతలన్నీ పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ వరసను మూడుసార్లు చేయండి.

నిలువు దిశ కొలవాలంటే ఫోనును మిల్లీమీటర్ల లెక్కన పైకెత్తడం కష్టం. దానికో మంచి ఉపాయం ఉంది: సైట్‌ను వైస్‌లో పక్కకు, సరిగ్గా 90 డిగ్రీలు తిప్పి బిగించండి. దాని నిలువు ఇప్పుడు మీకు అడ్డం అవుతుంది. అదే స్కేలు, అదే చార్టు, అదే వరస. నిలువు దిశను వదిలేయకండి. గాజు బయటికి తెరిచి ఉండే రకాల్లో ఎల్ఈడీ కింద ఉంటుంది, గాజు కొంచెం వాలి ఉంటుంది. అందుకని చుక్క నడవడిలో అసమానత ఉంటే నిలువులోనే కనిపించే అవకాశం ఎక్కువ.

ఫొటో చదివేటప్పుడు చుక్క మధ్యను ఊహించకండి. ఎడమ అంచు ఏ గీత మీద ఉంది, కుడి అంచు ఏ గీత మీద ఉంది అని రెండూ రాసి, సగటు తీయండి.

నాలుగో మెట్టు: నిష్పత్తి కట్టడం

చార్టు మీద చుక్క జరిగిన మొత్తం దూరాన్ని ఫోను జరిగిన మొత్తం దూరంతో భాగించండి. అదే జరుగుడు నిష్పత్తి. కంటితోపాటు అదే వైపు జరిగితే ధనం, ఎదురు వైపైతే రుణం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 25 గజాల దగ్గర ఫోను 18 మి.మీ. జరిగింది. చుక్క కూడా అదే వైపు 18 మి.మీ. జరిగితే నిష్పత్తి 1, చుక్క అనంతంలో ఉంది. చుక్క 9 మి.మీ. మాత్రమే జరిగితే నిష్పత్తి 0.5. చుక్క దూరం కావాలంటే లక్ష్య దూరాన్ని ఒకటిలోంచి నిష్పత్తిని తీసేస్తే వచ్చిన దానితో భాగించాలి: 25 ÷ 0.5, అంటే 50 గజాలు. అసలు కదలకపోతే చుక్క సరిగ్గా 25 గజాల దగ్గర ఉంది. ఎదురు వైపు 9 మి.మీ. జరిగితే 25 ÷ 1.5, దాదాపు 17 గజాలు.

అదే వైపు 27 మి.మీ. జరిగిందనుకోండి. నిష్పత్తి 1.5. చుక్క దూరం రుణ సంఖ్య వస్తుంది, మైనస్ 50 గజాలు. దానర్థం, సైట్ నుంచి వచ్చే కిరణాలు ఒక బిందువు నుంచి విచ్చుకుంటూ రావడానికి బదులు మన వైపు వచ్చేకొద్దీ దగ్గరవుతున్నాయి, అంటే ఎల్ఈడీ నాభిని దాటి ఉంది. ఇలాంటి సైట్‌లో దూరం పెరిగేకొద్దీ తప్పూ పెరుగుతుంది. 50 గజాల దగ్గర నిష్పత్తి 2 అవుతుంది. నేను ఏరివేసేది ఈ రకాన్నే.

ఇప్పుడు 10 గజాల కొలతతో సరిచూడండి. చుక్క దూరం 50 గజాలైతే 10 గజాల దగ్గర నిష్పత్తి 0.8 రావాలి. అనంతమైతే 1. మైనస్ 50 అయితే 1.2. ఈ సంఖ్యలు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయో గమనించండి. దగ్గరి దూరంలో మంచి సైట్‌కూ చెడ్డ సైట్‌కూ తేడా పట్టుకోలేం. 10 గజాల కొలత 25 గజాల కొలతను సరిచూసుకోవడానికే.

రెండు కొలతలూ పొసగకపోతే, లేదా మధ్య నుంచి ఎడమకు చుక్క జరిగిన దూరానికీ మధ్య నుంచి కుడికి జరిగిన దూరానికీ 5 మి.మీ. మించి తేడా ఉంటే, అది చుక్క దూరానికి సంబంధించిన సంగతి కాదు. గాజు వంపులోనే అసమానత ఉంది. అంచుల్లో కిరణాలు మధ్యలో వచ్చినట్టు రావడం లేదు. అలాంటి సైట్‌ను కూడా వాడుకోవచ్చు, చుక్కను గాజు నడిమి భాగంలో ఉంచే అలవాటు ఉంటే.

ఐదో మెట్టు: రెండు సైట్లను న్యాయంగా పోల్చడం

పెద్ద గాజున్న సైట్‌కు ఎక్కువ పారలాక్స్ ఉందని అంటుంటారు. ట్రిజికాన్‌లోనే ఎస్ఆర్ఓ గాజు ఆర్ఎంఆర్ గాజుకన్నా పెద్దది. అంచు నుంచి అంచుకు కొలిస్తే ఎస్ఆర్ఓ చుక్క ఎక్కువ జరుగుతుంది. కారణం, గాజు పెద్దది కాబట్టి కన్ను ఎక్కువ జరగగలిగింది. కన్ను ఎక్కువ పక్కకు పోయినా చుక్క కనిపిస్తూనే ఉండటం ఆ సైట్ గొప్పతనమే గాని లోపం కాదు. అందుకని రెండు సైట్లనూ ఒకే కంటి జరుగుడుతో పోల్చండి. చిన్న గాజు ఎంత అనుమతిస్తే అంత, రెండింటికీ. పోల్చవలసింది నిష్పత్తులను.

అలాగే ఎయిమ్‌పాయింట్ ఆక్రో, హోలోసన్ 509టీ లాంటి మూసి ఉన్న రకాలకు ముందూ వెనకా గాజులుంటాయి. ఆ గాజుల్లో ఏదైనా కొంచెం వాలితే లక్ష్యం ప్రతిబింబమే కాస్త పక్కకు జరిగి కనిపించవచ్చు. అది కన్ను కదిలినా మారకుండా ఉంటుంది, జీరో చేసేటప్పుడు (తూటా పడే చోటుకు చుక్కను సర్దేటప్పుడు) సరిపోతుంది. దాన్ని పారలాక్స్ లెక్కలో వేయకండి.

మీరు కొలిచింది మీ చేతిలో ఉన్న ఒక్క సైట్‌ను. అదే రకం మరో సైట్ ఇలాగే ఉండాలని లేదు. ఎల్ఈడీని నాభి దగ్గర అమర్చడంలో వెంట్రుకవాసి తేడా కూడా చుక్క దూరాన్ని మార్చేస్తుందని ముందే చెప్పుకున్నాం. ఒక్కదాన్ని కొలిచి ఆ రకం మొత్తానికి తీర్పు చెప్పడం తగదు.

కాల్చి చూడాలా?

చూడవచ్చు, కానీ దానితో కొలవకండి. ఇసుక సంచి మీద ఆనించి, 25 గజాల దగ్గర, చుక్కను గాజు మధ్యలో ఉంచి పది, ఎడమ అంచులో ఉంచి పది, కుడి అంచులో ఉంచి పది కాల్చి మూడు గుంపుల మధ్యబిందువులను పోల్చాలి. ఐదేసి తూటాలు చాలవు. మామూలు పిస్టల్ తూటాలు ఇసుక సంచి మీదనుంచి కూడా 25 గజాల దగ్గర రెండు మూడు అంగుళాల్లో చెదురుతాయి. ఆ చెదురులో పది తూటాల మధ్యబిందువే ఐదారు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. పైగా చుక్కను అంచున ఉంచడానికి మణికట్టు పట్టు మారుతుంది, పట్టు మారితే తూటా పడే చోటూ మారుతుంది. మూడు గుంపులూ ఒకదాని మీద ఒకటి పడితే మీ బల్ల పరీక్ష నిజమేనని ధైర్యం వస్తుంది. పడకపోతే పారలాక్స్ కన్నా ముందు వేరే కారణాలు వెతకాలి.

పారలాక్స్ మీద నేరం మోపేముందు

స్క్రూలు మొదట. ప్లేటును స్లైడ్‌కు పట్టే స్క్రూలు, సైట్‌ను ప్లేటుకు పట్టే స్క్రూలు, రెండు జతలూ చూడాలి. తయారీదారు చెప్పిన బిగింపుకు టార్క్ రెంచ్‌తో బిగించి, స్క్రూ తల నుంచి సైట్ ఒంటి మీదకు రంగు పెన్నుతో సన్నటి గీత గీయండి. గీత తెగి రెండు ముక్కలైతే స్క్రూ తిరిగినట్టు. నా విషయంలో ఆ ఒక్క గీత ఉండి ఉంటే చాలు.

తర్వాత సైట్ ఎత్తు. చుక్క గొట్టం కన్నా దాదాపు అంగుళం పైన ఉంటుంది. మూడు గజాల దగ్గర తూటా చుక్కకన్నా అంగుళం కింద పడుతుంది. దీన్ని పారలాక్స్ అనుకునేవాళ్లు ఎందరో. ఇది ఎప్పుడూ కిందికే, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కన్ను కదలికతో దీనికి సంబంధం లేదు.

ఆ తర్వాత మీ కన్ను. చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలానో ద్రాక్షగుత్తిలానో కనిపిస్తే దాన్ని ఫోనుతో ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా ఉంటే సైట్ బాగానే ఉంది, మీ కంటికి ఆస్టిగ్మాటిజం ఉండవచ్చు. తలను పక్కకు వంచినప్పుడు ఆ తోక కూడా తలతోపాటు వంగితే అనుమానం బలపడుతుంది. కళ్లద్దాల డాక్టరు దగ్గరికి వెళ్లండి, సైట్ దుకాణానికి కాదు.

చివరగా ట్రిగ్గర్. కుడిచేతివాటం వాళ్ల తూటాలు ఎడమ కిందికి పడుతుంటే చాలాసార్లు కారణం వేలే. ఆనించి కాల్చినప్పుడు తప్పు పోయి, నిలబడి కాల్చినప్పుడు తిరిగి వస్తే గాజును అనుమానించనక్కర్లేదు.

ఎంతైతే పట్టించుకోవాలి?

నేను పెట్టుకున్న హద్దు ఇది: 25 గజాల దగ్గర నిష్పత్తి మైనస్ 0.5కూ 1.2కూ మధ్య ఉంటే ఆ సైట్‌తో ఏ రకమైన సాధనైనా చేస్తాను. అమెరికా రేంజ్‌ల్లో వాడే బీ-8 కాగితంలో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 3.36 అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకు 43 మి.మీ. కన్ను పూర్తిగా గాజు అంచుకు పోయినా ఈ సైట్లలో తప్పు 13 మి.మీ. దాటదు. కన్ను నడిమి సగంలో ఉంటే ఆరేడు మిల్లీమీటర్లు, అంటే ఒక్క క్లిక్. నా చేతి వణుకు అంతకన్నా ఎక్కువ. నిష్పత్తి 1.5కు చేరితే మాత్రం వెనక్కి పంపుతాను.

భారత్‌లో పిస్టల్ సాధన చేస్తున్న మన పిల్లలకు ఈ బెంగ అక్కరలేదు. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పిస్టల్ పోటీల్లో ఇలాంటి సైట్లకు అనుమతి లేదు. పారిస్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ గురిపెట్టింది ఇనుప సైట్‌తోనే. రెడ్ డాట్‌కు చోటున్నది ఐపీఎస్‌సీ, యూఎస్‌పీఎస్‌ఏ అనే ప్రాక్టికల్ షూటింగ్ సంస్థల పోటీల్లోని ఆప్టిక్స్ విభాగాల్లో.

నా పాత సైట్ రెండేళ్లు అటకమీద పెట్టెలో పడి ఉంది. ఈ పద్ధతి నేర్చుకున్నాక దించి, దుమ్ము తుడిచి, వైస్‌లో బిగించి కొలిచాను. 25 గజాల దగ్గర నిష్పత్తి 0.9. నిలువులోనూ దాదాపు అంతే. రెట్టింపు ధర పెట్టి కొన్నదానికి వచ్చింది 1.1. ఆ పాతదాన్ని ఇప్పుడు నా .22 పిస్టల్ మీద పెట్టుకున్నాను. దాని స్క్రూల మీద తెల్లటి గీతలున్నాయి. కాల్చడానికి వెళ్లిన ప్రతిసారీ పెట్టె తెరవగానే ముందు వాటినే చూస్తాను.